రూట్ కెనాల్: అన్నవరం పరిసరాల్లో పంటి వైద్యం

రూట్ కెనాల్ చికిత్స అంటే, పుచ్చు లోతుకు దిగి పంటి లోపలి గుజ్జు చెడిపోయినప్పుడు, పన్ను పీకకుండా ఆ గుజ్జును తీసేసి, వేళ్లలోని సన్నటి గొట్టాలను కడిగి, మళ్లీ సూక్ష్మజీవులు చేరకుండా మూసేసే వైద్యం. డాక్టర్లు ఆర్‌సీటీ అంటారు. దంతవైద్యంలో ఇది ఎండోడాంటిక్స్ అనే శాఖ కిందికి వస్తుంది. ‘మూలనాళ చికిత్స’ లాంటి అనువాదాలు వాడుకలో నిలవలేదు. గోదావరి వైపు జనం ‘రూట్ కెనాలు చేయించాను’ అంటారు, ‘నరం తీయించుకున్నాను’ అంటారు. కొందరు మామూలు ఫిల్లింగునూ దీన్నీ కలిపి ‘సిమెంటు పెట్టించుకున్నాను’ అనేస్తారు. ఈ మాటతోనే ఖర్చు దగ్గర తగువు మొదలవుతుంది. ఫిల్లింగ్ అంటే గుజ్జు దాకా చేరని పుచ్చును చెక్కి పూడ్చడం, ఒక పూట పని. రూట్ కెనాల్ అంటే ఆ గుజ్జు ఉన్న గదిలోకే దిగడం.

అన్నవరం కాకినాడ జిల్లా శంఖవరం మండలంలోని ఊరు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. గోదావరి డెల్టా పచ్చదనం ఆగిపోయి మెట్ట మొదలైన చోట, తునికీ కత్తిపూడికీ నడుమ, పంపా నది పక్కన రత్నగిరి. ఆ కొండ మీద సత్యనారాయణస్వామి 1891లో వెలిశాడని స్థలచరిత్ర. పదహారో నంబరు జాతీయ రహదారి, హౌరా–చెన్నై రైలు మార్గం రెండూ ఊరిని ఆనుకునే పోతాయి. ఊరు చిన్నది, వచ్చిపోయే జనం మాత్రం లెక్కకు మించి.

ఇలాంటి ఊళ్లలో పంటి ఆసుపత్రి అంటే ఒకటో రెండో కుర్చీలు, గోడకు బిగించిన చిన్న ఎక్స్‌రే యంత్రం, వెనక గదిలో కంప్రెసరు చప్పుడు, ముందు గదిలో వరసగా ప్లాస్టిక్ కుర్చీలు. బామ్మ కట్టుడు పళ్లు, మనవరాలి పాలపళ్లు, ఇంటాయన పిప్పి పన్ను అన్నీ ఒకే డాక్టరుగారి చేతి మీదుగా పోతాయి. వంకర వేళ్ల దవడ పళ్లు వస్తే వారానికో రోజు కాకినాడ నుంచో రాజమండ్రి నుంచో స్పెషలిస్టు వచ్చి చేసి వెళ్లే ఏర్పాటు చిన్న పట్టణాల్లో మామూలు. పెద్ద నగరంలో కనిపించని సౌకర్యం ఒకటి ఇక్కడ ఉంది. ఏ పంటికి ఎప్పుడు ఏం చేశారో డాక్టరుకు గుర్తుంటుంది. మధ్యలో మానేసినవాళ్లు సంతలో ఎదురుపడితే తప్పించుకోలేరు.

పంటి లోపల

పన్ను పైపొర ఎనామెల్. శరీరంలో అంతకంటే గట్టి పదార్థం లేదు, బరువులో 96 శాతం దాకా ఖనిజమే. దాని కింద డెంటిన్, సన్నటి గొట్టాలతో నిండిన పొర. అన్నిటికన్నా లోపల పల్ప్ అనే గుజ్జు: నరాలు, రక్తనాళాలు, మెత్తటి కణజాలం. జనం ‘నరం’ అనేది దీన్నే గానీ నరం అందులో ఒక భాగం మాత్రమే. పన్ను పైభాగంలో ఈ గుజ్జుకు చిన్న గది ఉంటుంది. అక్కడి నుంచి ఒక్కో వేరులోకి ఒకటో రెండో గొట్టాలు దిగి, వేరు కొసన ఉన్న సూది మొనంత రంధ్రం గుండా దవడ ఎముకలోని నరంతో, రక్తంతో కలుస్తాయి.

ముందు పళ్లకు ఎక్కువగా ఒకే వేరు, ఒకే గొట్టం. కింది దవడ మొదటి పెద్ద పంటికి రెండు వేళ్లు, మూడు గొట్టాలు, కొందరికి నాలుగు. పై దవడలో అదే పంటికి మూడు వేళ్లు, చాలామందిలో నాలుగో గొట్టం ఒకటి దాగి ఉంటుంది. ఆ నాలుగోదాన్ని వెతికి పట్టుకోవడంలోనే డాక్టరు పనితనం తెలుస్తుంది. కింది రెండో దవడ పంటిలో గొట్టాలు విడివిడిగా కాక అర్ధచంద్రాకారంలో కలిసిపోయి ఉండటమూ కద్దు.

చేతికి దెబ్బ తగిలితే వాపు బయటికి పొంగుతుంది. పంటి గుజ్జు వాస్తే పొంగడానికి చోటు లేదు, చుట్టూ రాతి గోడలే. లోపలి ఒత్తిడి నరం మీద పడుతుంది. పంటి నొప్పి అంత దుర్భరంగా ఉండటానికి కారణం ఇదే. రాత్రి పడుకోగానే తలవైపు రక్తపు ఒత్తిడి పెరిగి నొప్పి రెట్టింపవుతుంది. దిండు మీద దిండు వేసుకుని తెల్లవార్లూ కూర్చున్నవాళ్లు ఈ విషయం ఏ పుస్తకమూ చదవకుండానే కనిపెడతారు.

పిప్పి పన్ను నుంచి చీము దాకా

నోట్లోని సూక్ష్మజీవులు, ముఖ్యంగా స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్, పంచదారను తిని ఆమ్లం వదులుతాయి. పంటి మీద ఆమ్లత్వం పెరిగి పీహెచ్ 5.5 కంటే కిందికి పడితే ఎనామెల్ కరగడం మొదలవుతుంది. లాలాజలం కాసేపటికి దాన్ని సరిచేస్తుంది, కానీ దానికి వ్యవధి కావాలి. అందుకే ఎంత తీపి తిన్నాం అనేదానికన్నా రోజుకు ఎన్నిసార్లు తిన్నాం, పంటికి ఎంతసేపు అంటుకుని ఉంది అన్నవే ముఖ్యం. 1940ల్లో స్వీడన్‌లోని విపెహోల్మ్‌లో, మానసిక వికాసలోపం ఉన్నవారి ఆసుపత్రిలో చేసిన ప్రయోగాలు ఈ సంగతి తేల్చాయి. భోజనాల మధ్య జిగట మిఠాయి తిన్నవారి పళ్లు అందరికన్నా ఎక్కువ పుచ్చిపోయాయి. కాదనలేని స్థితిలో ఉన్న రోగుల మీద చేసిన ఆ ప్రయోగాన్ని నేడు ఏ నైతిక సంఘమూ ఒప్పుకోదు. దాని ఫలితం మాత్రం దంతవైద్య పాఠాల్లో నిలిచిపోయింది.

అన్నవరం పేరు చెప్పగానే నోరూరించేది ఎండుటాకు పొట్లంలో కట్టిచ్చే గోధుమ రవ్వ ప్రసాదం, నెయ్యి, తీపి, ఏలకులతో. జిగట తీపి కాబట్టి దోషి అదేనని తేల్చడం అన్యాయం. ఏడాదికోసారి కొండెక్కి తిన్న పొట్లం ఎవరి పన్నూ పుచ్చబెట్టదు. హైవే మీద గంటకోసారి పడే పంచదార టీ, పిల్లల జేబుల్లోని జీళ్లు, రాత్రి పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పసివాడి అలవాటు, వీటిని పట్టుకోవాలి.

పుచ్చులో పెద్ద వాటా ఆరేళ్లకు వచ్చే మొదటి దవడ పంటిది. పాలపళ్లు ఇంకా ఊడకముందే, వాటి వెనకాల చప్పుడు లేకుండా మొలుస్తుంది. అది కూడా ఊడిపోయేదేలే అని ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. ఇరవై ఏళ్లు నిండకముందే రూట్ కెనాల్‌కు వచ్చే పళ్లలో ఇది తరచూ కనిపించేది అందుకే. దంతవైద్యులు దీన్ని నంబర్లతో పిలుస్తారు: కింద ఎడమది 36, కింద కుడిది 46, పైన కుడిది 16, ఎడమది 26.

పుచ్చు డెంటిన్‌లోకి దిగితే చల్లనీళ్లకు జివ్వుమంటుంది, నీళ్లు మింగగానే తగ్గిపోతుంది. ఈ దశలో ఫిల్లింగ్ చాలు. వేడి టీకి మొదలైన నొప్పి నిమిషాల తరబడి ఉండిపోవడం, ఏ కారణమూ లేకుండా అర్ధరాత్రి లేపడం, చెవిలోకీ కణతలోకీ లాగడం మొదలైతే గుజ్జు కోలుకోలేని స్థితికి చేరినట్టు. ఆ తర్వాత ఒక రోజు నొప్పి ఉన్నట్టుండి ఆగిపోతుంది. మొక్కు ఫలించిందనో మాత్ర పనిచేసిందనో అనుకుంటారు. నిజానికి లోపలి నరం చచ్చిపోయింది, నొప్పి చెప్పేది లేకుండా పోయింది. చచ్చిన గుజ్జులో సూక్ష్మజీవులు పెరిగి, వేరు కొస రంధ్రం గుండా ఎముకలోకి దిగి, అక్కడ చీము గడ్డ కడతాయి. వారాలకో నెలలకో కొరికితే నొప్పి, చిగురు మీద చిన్న కురుపు, చెంప వాపు.

‘నొప్పి పోయింది’ అనే మాట ఈ వైద్యంలో నాలుగు చోట్ల మోసం చేస్తుంది. నరం చచ్చినప్పుడు ఒకసారి, మందుల షాపు మాత్రకు ఒకసారి, మొదటి సిట్టింగు తర్వాత ఒకసారి, గొట్టాలు పూడ్చాక క్యాప్ వేయకముందు మరోసారి. మిగతా ముచ్చట్లన్నీ ఈ నాలుగింటి చుట్టూ తిరిగేవే.

మాత్రలు, లవంగాలు, అపోహలు

పన్ను నొప్పికి మొదటి వైద్యుడు మందుల షాపులోని అబ్బాయి. కెటోరోలాక్ మాత్ర, దాంతో అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్. కెటోరోలాక్ బలమైన నొప్పి మందు. ఐదు రోజులకు మించి వాడితే కడుపులో పుండు, మూత్రపిండాలకు ముప్పు. యాంటీబయాటిక్ సంగతి ఇంకా చిత్రమైనది. గుజ్జు వాచి, చీము ఇంకా పట్టని పంటి నొప్పికి అది పనిచేయదు, ఇవ్వొద్దని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో విడుదల చేసిన మార్గదర్శకాలే చెప్పాయి. గుజ్జు చచ్చాక రక్తం అక్కడికి చేరదు, రక్తం చేరని చోటికి మందూ చేరదు. జ్వరం, పాకే వాపు, నోరు తెరవలేకపోవడం ఉంటేనే దాని అవసరం. కింది దవడ వెనక పళ్ల చీము నాలుక కిందికీ మెడలోకీ పాకితే గాలి దారే మూసుకుపోవచ్చు. 1836లో జర్మన్ వైద్యుడు లుడ్విగ్ వర్ణించిన ఈ ప్రమాదం నేటికీ ప్రాణాలు తీస్తోంది. గడ్డం కింద గట్టిగా వాచి మింగుడు పడకపోతే ఊళ్లో క్లినిక్కు కాదు, నేరుగా కాకినాడ పెద్దాసుపత్రి లాంటి చోటికే పరుగెత్తాలి.

ఇంటి వైద్యంలో లవంగానికి విలువ ఉంది. అందులోని యూజినాల్ కాసేపు నరాన్ని మొద్దుబారుస్తుంది. పంటి ఆసుపత్రిలో అడుగుపెట్టగానే తగిలే వాసన కూడా దానిదే, ఎందుకంటే డాక్టర్లు పెట్టే తాత్కాలిక పూత జింక్ ఆక్సైడ్ పొడిని లవంగ నూనెలోని ఆ యూజినాల్‌తో కలిపి చేసింది. అయితే నూనెను నేరుగా చిగురు మీద పోస్తే చర్మం కాలుతుంది. పందుంపుల్లకు వేపా ఉత్తరేణీ వాడటంలో తప్పు లేదు. కచ్చిక, ఇటుక పొడితో ఏళ్ల తరబడి అడ్డంగా రుద్దిన పళ్లే చిగురు దగ్గర గాడి పడి, గుజ్జు దాకా అరిగి, పుచ్చు లేకుండానే రూట్ కెనాల్‌కు వస్తాయి.

పై పన్ను ముట్టుకుంటే కంటిచూపు పోతుందనే భయం ఈ వైపు పెద్దల్లో ఇంకా ఉంది. పై పళ్లకు స్పర్శనిచ్చే నరం వేరు, చూపునిచ్చే నరం వేరు. రెండింటికీ పొత్తు లేదు. చెంప వాపు కంటి కిందిదాకా రావడం చూసి పుట్టిన అపోహ అయి ఉండొచ్చు. వాపు కంటిదాకా వస్తే భయపడాల్సింది పన్నును ముట్టుకున్నందుకు కాదు, ఇన్నాళ్లూ ముట్టుకోనందుకు.

పురుగు కథ

పంటిలో పురుగు ఉంటుందనే నమ్మకం ప్రపంచమంతటా ఉంది. బాబిలోనియా మట్టి పలకల నుంచీ అది కనిపిస్తుంది. సుశ్రుత సంహిత పంటి రోగాల్లో ఒకదానికి ‘క్రిమిదంతకం’ అని పేరు పెట్టింది, పళ్లు జివ్వుమనడాన్ని ‘దంతహర్షం’ అంది. పొగ పెట్టి పురుగు తీస్తామంటూ సంతల్లో తిరిగేవాళ్లు చూపించే తెల్లటి ముక్కలు పంటిలోంచి వచ్చినవి కావు. విచిత్రమేమంటే రూట్ కెనాల్‌లో డాక్టరు బయటికి లాగే గుజ్జు పోగు, ఎర్రగా సన్నగా, చూడటానికి నిజంగానే పురుగులా ఉంటుంది. ఈ కథ పుట్టడానికి అదే కారణమని ఊహించినవారున్నారు.

పురుగును కాదన్నవారిలో ముఖ్యుడు పియర్ ఫోషార్ అనే ఫ్రెంచి వైద్యుడు. 1728లో అచ్చయిన తన గ్రంథంలో, పళ్లలో పురుగేమీ కనిపించలేదని రాశాడు, గుజ్జు తీసే పద్ధతినీ వివరించాడు. 1838లో అమెరికన్ వైద్యుడు ఎడ్వర్డ్ మేనార్డ్ గడియారం స్ప్రింగును అరగదీసి వేరు గొట్టంలో దూరే మొదటి పనిముట్టు తయారుచేశాడు. 1890 నాటికి బెర్లిన్‌లో పనిచేస్తున్న మిల్లర్ పంటి పుచ్చుకు సూక్ష్మజీవుల ఆమ్లమే కారణమని పుస్తకం రాశాడు. 1895లో రాంట్‌జెన్ కనిపెట్టిన ఎక్స్‌రేను నాలుగేళ్లకే, 1899లో, న్యూ ఆర్లియన్స్ దంతవైద్యుడు ఎడ్మండ్ కెల్స్ వేరు గొట్టం పొడవు కొలవడానికి వాడాడు. రక్షణ లేకుండా ఏళ్ల తరబడి ఎక్స్‌రేలు తీసిన ఆయన చేతికి కేన్సర్ వచ్చింది, చివరికి ప్రాణం తీసుకున్నాడు.

మధ్యలో ఒక వెనకడుగు ఉంది. 1910లో విలియం హంటర్ అనే బ్రిటిష్ వైద్యుడు మాంట్రియల్‌లో చేసిన ప్రసంగంలో, శరీరంలోని ఎన్నో రోగాలకు పళ్లలో మిగిలిపోయిన చీమే మూలమన్నాడు. దంతవైద్యుడు వెస్టన్ ప్రైస్ ప్రయోగాలు దానికి తోడయ్యాయి. ఫలితంగా అమెరికాలో, ఐరోపాలో లక్షల పళ్లు అనవసరంగా పీకేశారు. ఆ ప్రయోగాల లోపాలు తర్వాత బయటపడ్డాయి. 1943లో అమెరికన్ ఎండోడాంటిస్టుల సంఘం ఏర్పడేసరికి ఈ వైద్యం మళ్లీ నిలదొక్కుకుంది. 1965లో కకెహాషి బృందం, ఏ క్రిమీ లేని వాతావరణంలో పెంచిన ఎలుకల పళ్లలో గుజ్జు బయటపడినా చావకుండా మానిపోవడాన్నీ, మామూలు ఎలుకల్లో కుళ్లిపోవడాన్నీ చూపించింది. నేడు ఫోన్లలో తిరిగే ‘రూట్ కెనాల్‌తో కేన్సర్’ సందేశాలు హంటర్ నాటి వాదానికి మిగిలిన ప్రతిధ్వని.

కుర్చీలో జరిగేది

ముందు పరీక్ష. చల్లటి స్ప్రే తాకించి చూస్తారు, పనిముట్టు పిడితో పన్ను మీద చిన్నగా కొడతారు, చిన్న ఎక్స్‌రే తీస్తారు. నొప్పి ఎక్కడో రోగికే సరిగ్గా తెలియని సందర్భాలు ఎక్కువ. పై పంటి నొప్పి కింద ఉన్నట్టు అనిపించడం మామూలే, కాబట్టి వేలు పెట్టి చూపించిన పంటినే తెరిచేయకూడదు.

మత్తు ఇంజెక్షను లిగ్నోకెయిన్, దానిలో కాస్త అడ్రినలిన్. కింది దవడ పంటికి బుగ్గ లోపలి వెనక భాగంలో నరం దగ్గర వేస్తే సగం పెదవి మొద్దుబారుతుంది. బాగా వాచిన పంటికి ఒక్కోసారి మత్తు సరిగా ఎక్కదు. పెదవి మొద్దుబారినా పన్ను మేలుకునే ఉంటుంది. అప్పుడు పంటి పక్కనో, గుజ్జులోనో మరో చుక్క వేయాలి. ‘రూట్ కెనాల్ అంటే ప్రాణం పోయింది’ అని చెప్పుకునే కథలు చాలావరకు ఆ నిమిషానివి. మత్తు ఎక్కాక మిగతాదంతా నోరు తెరిచి ఉంచే శ్రమే.

పంటి చుట్టూ పలచటి రబ్బరు తెర కట్టడం మంచి వైద్యానికి మొదటి గుర్తు. 1864లో న్యూయార్క్ వైద్యుడు శాన్‌ఫర్డ్ బార్నమ్ కనిపెట్టిన ఈ ‘రబ్బర్ డ్యామ్’ ఉమ్మిని లోపలికి రానివ్వదు, మందు గొంతులోకి పోనివ్వదు, చేజారిన సూదిలాంటి ఫైలు మింగుడుపడకుండా ఆపుతుంది. నూట అరవై ఏళ్లు దాటినా మన చిన్న క్లినిక్కుల్లో చాలాచోట్ల దూది ఉండలతోనే సరిపెడతారు. రోగి అడగవచ్చు, అడగాలి.

ఆ తర్వాత పంటి పైకప్పుకు రంధ్రం చేసి గుజ్జు గది తెరుస్తారు. గొట్టాల నోళ్లు వెతికి సన్నటి ఫైళ్లు దింపుతారు. వాటి పిడి రంగు కొలతను చెబుతుంది: తెలుపు అంటే మొన 0.15 మిల్లీమీటర్లు, పసుపు 0.20, ఎరుపు 0.25, నీలం 0.30, ఆకుపచ్చ 0.35, నలుపు 0.40. గొట్టం ఎంత పొడవో తెలుసుకోవడానికి అపెక్స్ లొకేటర్ అనే చిన్న యంత్రం ఉంది. పెదవికి ఒక కొక్కెం, ఫైలుకు ఒక తీగ. మొన వేరు కొసకు చేరగానే కూత పెడుతుంది. ఆ కొసకు అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు ఇవతలే ఆగాలి. దాటితే ఎముకకు గాయం, ముందే ఆగితే లోపల కుళ్లు మిగులుతుంది.

వంకర గొట్టాల్లో పాత ఉక్కు ఫైళ్లు నిటారుగా తవ్వుకుపోయేవి. అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పుట్టిన నికెల్–టైటానియం మిశ్రమం వంగినా విరక్కుండా మళ్లీ తన ఆకారానికి వస్తుంది. దానితో ఫైళ్లు చేయవచ్చని 1988లో వాలియా, బ్రాంట్లీ, గెర్‌స్టీన్ ప్రకటించారు. కొద్ది ఏళ్లలోనే మోటారుతో తిరిగే ఫైళ్లు వచ్చాయి. గడియారం స్ప్రింగుతో మొదలైన పని అలా యంత్రం మీదికి మారింది.

ఫైలు తవ్వుతుంది గానీ శుభ్రం చేసేది ద్రవం. సోడియం హైపోక్లోరైట్, అంటే బ్లీచింగు నీళ్ల జాతి మందు, గుజ్జు ముక్కలను కరిగిస్తుంది, క్రిములను చంపుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో డాకిన్, కారెల్ సైనికుల గాయాలు కడగడానికి దీన్నే పలచగా వాడారు. గొట్టం గోడలకు పట్టిన పొరను ఈడీటీఏ తీస్తుంది. ఈ కడగడాన్ని తొందరపెట్టిన వైద్యం పైకి బాగానే ఉంటుంది, లోపల ఏళ్ల తరబడి కుళ్లుతుంది.

చీము పట్టిన పంటిలో ఒకే రోజు పూడ్చకుండా మందు పెట్టి వారం రోజులు ఉంచుతారు. ఆ మందు కాల్షియం హైడ్రాక్సైడ్. 1920లో జర్మనీలో హెర్మన్ దంతవైద్యానికి తెచ్చిన ఈ పదార్థం రసాయనంగా మన తాంబూలంలోని సున్నమే. క్రిములు బతకలేనంత క్షారం. అలాగని ఇంట్లో పుచ్చులో సున్నం నింపుకుంటే నోరు కాలడం ఖాయం. డాక్టరు పెట్టేది శుద్ధి చేసినది, పెట్టేది గొట్టం లోపల, దాని మీద గట్టి మూత.

రెండో మోసం మందుల షాపుదైతే, మూడోది ఇక్కడ. ‘నొప్పి తగ్గిపోయిందండీ, మళ్లీ ఎందుకండీ’ అంటూ రెండో సిట్టింగు ఎగ్గొడతారు. కోతలు, కార్తీకమాసం వ్రతాలు, పెళ్లి ముహూర్తాలు, ఏదో ఒకటి అడ్డొస్తుంది. తాత్కాలిక పూత కొద్ది వారాలే నిలుస్తుంది. అది రాలిపోతే తెరిచిన గొట్టంలోకి ఉమ్మి, అన్నం మెతుకులు నేరుగా పోతాయి. ఆరు నెలలకు తిరిగొచ్చిన పన్ను మొదటిసారి కంటే చెడ్డ స్థితిలో ఉంటుంది, చాలాసార్లు పీకడమే మిగులుతుంది.

గుట్టపెర్చా

శుభ్రమైన గొట్టాన్ని పూడ్చే గులాబీ రంగు పుల్ల పేరు గుట్టపెర్చా. మలయా, సుమత్రా, బోర్నియో అడవుల్లోని ఒక చెట్టు పాలు గట్టిపడితే వచ్చే పదార్థం. వేడికి మెత్తబడుతుంది, చల్లారితే బిగుస్తుంది, ఒంటికి పడకపోవడం అరుదు. 1850ల్లో సముద్రం కింద పరిచిన టెలిగ్రాఫు తీగలకు తొడుగు ఇదే, పాత గోల్ఫు బంతులూ దీనివే. 1867లో సెయింట్ లూయిస్ వైద్యుడు బౌమన్ వేరు గొట్టాల్లో నింపాడు. సముద్రపు తీగల తొడుగు ఎప్పుడో ప్లాస్టిక్‌గా మారిపోయింది, పంటిలో మాత్రం దీన్ని మించినది నేటికీ స్థిరపడలేదు.

ఆ చెట్టు సపోటా కుటుంబానిది. మన సపోటా, మన్యంలోని ఇప్ప, గుడి ఆవరణల్లోని పొగడ అన్నీ దానికి దాయాదులే. పొగడ బెరడును చిగుళ్ల గట్టిదనానికి ఆయుర్వేదం ఎంతో కాలంగా వాడుతోంది. పంటికి పనికొచ్చేవి ఒకే కుటుంబంలో రెండు కుదరడం కాకతాళీయమే అయినా చెప్పుకోదగ్గ ముచ్చట. గుట్టపెర్చాకు తోడుగా సీలర్ అనే జిగురు ముద్ద పూసి, సందులన్నీ నిండేలా కూరి, చివరి ఎక్స్‌రే తీస్తారు. అందులో వేరు కొస దాకా తెల్లటి గీత ఖాళీలు లేకుండా కనిపించాలి. ఆ ఎక్స్‌రే కాపీ రోగి ఇంట్లో ఉంటే మంచిది.

క్యాప్

నాలుగో మోసం ఇక్కడిది, అన్నిటికన్నా ఖరీదైనది. గొట్టాలు పూడ్చేసరికి నొప్పి ఉండదు, డబ్బులూ అయిపోయి ఉంటాయి. క్యాప్ వేరే ఖర్చు అనగానే ‘పండగ వెళ్లాక చూద్దాం’ అంటారు. పుచ్చు తిన్నదంతా పోయి, డాక్టరు తెరిచిన రంధ్రం తోడై, దవడ పన్ను పైకప్పు లేని ఇంటిలా నాలుగు గోడలతో నిలబడి ఉంటుంది. ఒక జంతిక ముక్క, ఒక వేరుశనగ గింజ, చెరకు ముక్క చాలు, నిలువునా చీలడానికి. చీలిక వేరులోకి దిగితే ఇంక చేయగలిగింది పీకడమే.

దీనికి పెద్ద రుజువు ఉంది. 2004లో సలేరాబీ, రాట్‌స్టీన్ అనే పరిశోధకులు అమెరికా బీమా రికార్డుల్లోంచి రూట్ కెనాల్ అయిన 14 లక్షలకు పైగా పళ్లను ఎనిమిదేళ్లు అనుసరించారు. 97 శాతం నోట్లోనే నిలిచాయి. పీకేయాల్సి వచ్చిన వాటిలో 85 శాతానికి పూర్తి క్యాప్ లేదు.

క్యాప్‌లలో లోహంవి చవక, గట్టివి, వెండి రంగు. లోహం మీద పింగాణీ పూసినవి మధ్యరకం, కొన్నాళ్లకు పింగాణీ పెచ్చు లేవవచ్చు. జిర్కోనియా తెల్లగా గట్టిగా ఉంటుంది, ఖరీదెక్కువ. కనిపించని వెనక పంటికి లోహపు క్యాప్ నిస్సందేహంగా చాలు. ఆ మాట అన్ని క్లినిక్కుల్లో గట్టిగా చెప్పరు. ముందు పంటికి ఎక్కువ భాగం మిగిలి ఉంటే క్యాప్ లేకుండా ఫిల్లింగుతోనే సరిపోవచ్చు.

పీకించుకుంటే పోదా అనే ప్రశ్న న్యాయమైనదే. ప్రభుత్వ ఆసుపత్రి దంత విభాగంలో పన్ను పైసా లేకుండా తీస్తారు, రూట్ కెనాల్ క్యాప్‌తో కలిపి వేలల్లో. కాని ఖాళీలోకి పక్క పళ్లు ఒరుగుతాయి, ఎదురు పన్ను దిగుతుంది. బ్రిడ్జి కట్టించాలంటే రెండు పక్కలా మంచి పళ్లను అరగదీయాలి. గుండెకు స్టెంటు వేయించుకుని రక్తం పలచబరిచే మందు వాడేవారికి, దవడకు రేడియేషన్ తీసుకున్నవారికి పీకడం కన్నా రూట్ కెనాలే క్షేమం. చక్కెర వ్యాధి ఉన్నవారికి చక్కెర అదుపులో లేకపోతే వేరు కొసన మానడం ఆలస్యమవుతుంది. పంటి గోడలు చిగురు కిందికి విరిగిపోయినా, ఎముక కరిగి పన్ను ఊగుతున్నా రూట్ కెనాల్‌కు డబ్బు పెట్టడం దండగ. మంచి డాక్టరు ఆ మాట ముందే చెబుతారు.

ఎవరు చేస్తారు

మనదేశంలో మొదటి దంతవైద్య కళాశాలను డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో స్థాపించారు. 1948లో దంతవైద్యుల చట్టం వచ్చింది. చదువుకున్నవారిని రిజిస్టరు ‘ఎ’ భాగంలో, అప్పటికే అనుభవంతో పళ్లు చూస్తున్నవారిని ‘బి’ భాగంలో చేర్చారు. ఆ ‘బి’ తరం ఇప్పుడు దాదాపు కనుమరుగు. బోర్డు మీద బీడీఎస్ లేకుండా పళ్లు చూసేవారు చట్టం లెక్కలో వైద్యులు కారు. బీడీఎస్ చదివిన ఎవరైనా రూట్ కెనాల్ చేయవచ్చు. దీనిలోనే మరో మూడేళ్లు ఎండీఎస్ చేసినవారు ఎండోడాంటిస్టులు. అన్నవరం నుంచి దగ్గరి దంతవైద్య కళాశాలలు రాజమండ్రి పక్కన రాజానగరంలో ఉన్నాయి. డెల్టాలోకి దిగితే భీమవరం, ఏలూరు దగ్గరి దుగ్గిరాల. అక్కడ పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల కళ్ల ముందు తక్కువ ఖర్చుకు చేస్తారు. ఎక్కువసార్లు వెళ్లాలి, ఎక్కువసేపు కూర్చోవాలి. బస్సు చార్జీ, పోయిన కూలీ కలుపుకుంటే ఊళ్లో క్లినిక్కే నయమనిపించేవాళ్లూ ఉంటారు.

చేసినా చెడిపోవడం

కొన్ని విఫలమవుతాయి. కనిపించని నాలుగో గొట్టం మిగిలిపోవచ్చు, పైపూత సందులోంచి ఉమ్మి కారవచ్చు, ఫైలు ముక్క లోపల విరిగి దారి మూయవచ్చు. ఎంటెరోకాకస్ ఫీకాలిస్ అనే మొండి క్రిమి సున్నం పెట్టినా బతికే రకం. చిగురు మీద కురుపు మళ్లీ వస్తే పాత గుట్టపెర్చా తీసి మొత్తం తిరిగి చేయవచ్చు. అదీ కాకపోతే చిగురు పక్క నుంచి వేరు కొసను కోసి మూసే చిన్న ఆపరేషను ఉంది.

పాలపంటికి గుట్టపెర్చా పెట్టరు. కింద నుంచి వచ్చే శాశ్వత దంతం వేరును కరిగించుకుంటూ వస్తుంది కాబట్టి, దాంతోపాటే కరిగే ముద్దను నింపుతారు. పదేళ్ల పిల్లవాడు సైకిలు మీంచి పడి ముందు పన్ను విరగ్గొట్టుకుంటే మరో చిక్కు: వేరు కొస ఇంకా మూసుకోలేదు, నింపినది కిందికి జారిపోతుంది. ఇలాంటి చోట 1990ల నుంచి ఎంటీఏ అనే పదార్థం వాడుతున్నారు. కాలిఫోర్నియాలోని లోమా లిండా విశ్వవిద్యాలయంలో మహమూద్ తొరాబినెజాద్ తయారుచేసినది. దాని మూలం ఇళ్లు కట్టే పోర్ట్‌లాండ్ సిమెంటు, శుద్ధి చేసి ఎక్స్‌రేలో కనిపించే ఖనిజం కలిపినది. తడిలోనే గట్టిపడుతుంది, ఒంటికి పడుతుంది. ఇప్పుడు పెద్దవాళ్ల పళ్లలోనూ, గుజ్జు పైభాగమే చెడిన చోట, గొట్టాల్లోకి దిగకుండా ఆ భాగం మాత్రం తీసి దీన్నే కప్పి వదిలేసే పద్ధతి పెరుగుతోంది. అలాంటి పన్నుతో ఇంటికొచ్చినవాళ్లు సిమెంటు పెట్టారని చెబితే మాత్రం ఎవరూ తప్పు పట్టలేరు.